రోజుకు గంట రాట్నం తిప్పితే ఇంటిల్లిపాదికీ బట్ట వచ్చేదా? విదేశీ వస్త్ర బహిష్కరణ వెనక లెక్కలు

మీరు మూడు సంగతులు అడిగారు. బ్రిటిష్ కాలంలో విదేశీ బట్ట మానేసిన కుటుంబాలకు సొంత నూలుతో బట్ట నిజంగా సరిపోయేదా? కుప్పలు పోసి కాల్చడం తప్ప ఆ ఉద్యమంలో వేరే పనేమైనా జరిగిందా? పాశ్చాత్య నాగరికత వద్దనడమంటే యంత్రమే వద్దనడమా? మొదటిదానికి మాటలతో జవాబు చెబితే లాభం లేదు, లెక్క వేయాలి. ఆ లెక్క తెలిస్తే మిగతా రెండూ సగం తేలిపోతాయి.

రోజువారీ కట్టుకునే మామూలు ఖద్దరు 20 నంబరు నూలుతో నేసిందనుకోండి (నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం). అంగుళానికి 40 పడుగు (నిలువు) పోగులు, 40 పేక (అడ్డం) పోగులు. గజం వెడల్పుకు 36 అంగుళాలు గనక పడుగులో 1440 పోగులు, ఒక్కొక్కటి గజం పొడవు. పేకకూ అంతే. చదరపు గజానికి 2880 గజాల నూలన్నమాట. పోగులు ఒకదాని మీదుగా ఒకటి వంగి వెళ్లడానికి పట్టే పొడవు, ముడుల్లోనూ పడుగు కొసల్లోనూ పోయే తరుగు కలిపి నూటికి 9 పాళ్లు వేసుకుంటే దాదాపు 3150 గజాలు. 4 గజాల పొడవు, 45 అంగుళాల వెడల్పు పంచె అంటే 5 చదరపు గజాలు. దానికి 15,750 గజాల నూలు కావాలి. 840 గజాల చిలపలుగా (నూలు కట్టలుగా) చెబితే 19 చిలపలు.

చెయ్యి తిరిగిన మనిషి గంటకు 400 గజాలు వడుకుతారు. కొత్తవాళ్లు 100, 150 దాటరు. 400 చొప్పున వేసినా పంచెకు 40 గంటలు పడుతుంది. రోజుకు గంట చొప్పున ఏడాదంతా మానకుండా తిప్పితే 1,46,000 గజాలు, అంటే 46 చదరపు గజాల బట్ట. అయిదుగురున్న ఇంట్లో మగమనిషికి రెండు పంచెలు, రెండు చొక్కాలు, ఒక ఉత్తరీయం, ఆడమనిషికి మూడు చీరలు, మూడు రవికెలు, ముగ్గురు పిల్లల బట్టలు, తువ్వాళ్లు, దుప్పట్లు. ఎంత పొదుపుగా చూసినా 72 చదరపు గజాలకు తగ్గదు. కాబట్టి ఒక్కరు గంట తిప్పితే చాలదు. ఇద్దరు చెరో గంట మానకుండా తిప్పితే సరిపోయి కాస్త మిగులుతుంది. ఏడాదికి 13 పౌన్ల పైచిలుకు నూలు, దానికి 15 పౌన్ల దూది, గింజతో చూస్తే 45 పౌన్ల పత్తి. ఇప్పటి తూకంలో 20 కిలోలు.

ఇప్పుడు కాంగ్రెసు పెట్టిన నియమం చూడండి. 1924 బెల్గాం మహాసభ నాటికి సభ్యత్వం కావాలంటే నెలకు 2000 గజాల నూలు ఇవ్వాలన్నారు. ఏడాదికి 24,000 గజాలు. పై లెక్కలో అది ఏడున్నర చదరపు గజాలు. ఒక పంచె, ఒక ఉత్తరీయం. వడికినవాడి ఒంటికే చాలదు. ఆ కొంచెం కూడా ఎక్కువమంది ఇవ్వలేకపోయారు, 1925లో దాన్ని ఐచ్ఛికం చేయాల్సి వచ్చింది. రాట్నాన్ని గుర్తుగా పెట్టుకున్న ఇంటికీ, రాట్నంతో బట్ట కట్టుకున్న ఇంటికీ తేడా ఈ అంకెల్లోనే ఉంది.

దేశం మొత్తానికి వేస్తే ఇంకా స్పష్టం. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం కోటి మంది సభ్యులు, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, 20 లక్షల రాట్నాలు అని లక్ష్యాలు పెట్టింది. 20 లక్షల రాట్నాలు రోజుకు గంట తిరిగితే ఏడాదికి 9 కోట్ల చదరపు గజాల పైన బట్ట వస్తుంది. అప్పటి జనాభా దాదాపు 32 కోట్లు. మనిషికి జానెడు గుడ్డకన్నా కొంచెం ఎక్కువ. రోజుకు 8 గంటలు తిరిగితే 74 కోట్ల చదరపు గజాలు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు 1913-14లో దిగుమతైన బట్ట దాదాపు 300 కోట్ల గజాలు. అంటే తీరిక వేళల్లో దేశభక్తులు వడికితే తీరే కొరత కాదది. పంట లేని నెలల్లో పని దొరకని పల్లె ఆడవాళ్లు కూలికి వడికితేనే అంకె కదులుతుంది. 1925లో అఖిల భారత చరఖా సంఘం పెట్టి పత్తి ఇవ్వడం, నూలు తూచి కూలి కట్టడం, బట్ట అమ్మడం అనే వరసలోకి పని మళ్లడానికి కారణం ఇదే. నా దృష్టిలో ఉద్యమంలో అన్నిటికన్నా గట్టి పని అదే, పేరు తక్కువ వచ్చిందీ దానికే.

అసలు బట్ట మీదే ఇంత పట్టు ఎందుకంటే, పాశ్చాత్యీకరణ మన ఇళ్లలోకి చదువుతో వచ్చినదానికన్నా ముందు, లోతుగా వచ్చింది బట్టతోనే. మచిలీపట్నం రేవు నుంచి శతాబ్దాల పాటు అద్దకం బట్ట పర్షియాకూ ఐరోపాకూ పోయేది. 19వ శతాబ్దంలో దారి తిరగబడింది. 1896 చట్టం దిగుమతి బట్ట మీద నూటికి మూడున్నర సుంకం వేసి, దానికి సాటిగా మన దేశపు మిల్లు బట్ట మీద కూడా అంతే ఎక్సైజు వేసింది. ఇంగ్లండ్ బట్టల మిల్లుల కేంద్రమైన లాంకషైర్ వ్యాపారానికి అడ్డం రాకూడదన్నదే దాని ఉద్దేశం. ఆ ఎక్సైజు 1920ల నడుమ గానీ పోలేదు. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్ హాల్లో బహిష్కార తీర్మానం చేసినప్పుడు, 1907 ఏప్రిల్లో బిపిన్ చంద్ర పాల్ ఆంధ్ర జిల్లాల్లో తిరిగి ఉపన్యాసాలిచ్చినప్పుడు జనం అంత వేగంగా కదలడానికి ఈ అన్యాయం మగ్గాలున్న ప్రతి ఊరికీ ముందే తెలిసి ఉండడం ఒక కారణం.

కానీ 1905 నాటి స్వదేశీలో ఒక పెద్ద లొసుగుంది. మగ్గం మనది, నేత మనది, నూలు మాత్రం మిల్లుది. అందులో చాలా భాగం సన్న నూలు ఇంగ్లండ్ నుంచి వచ్చేదే. చేతి వడుకు దేశంలో చాలా చోట్ల అప్పటికే పోయింది. 1909లో రాట్నం గురించి రాసే నాటికి తాను రాట్నం గానీ మగ్గం గానీ చూసిన గుర్తు లేదని గాంధీయే చెప్పుకున్నారు. సబర్మతి ఆశ్రమంలో మొదట మగ్గాలు వేసి మిల్లు నూలే నేశారు. తర్వాత గంగాబెన్ మజుందార్ ఊరూరా వెతికి బరోడా సంస్థానంలోని విజాపూర్‌లో అటకెక్కిన రాట్నాలు కనిపెట్టారు. ఆ రాట్నాలున్నవాళ్లు వడుకుతామన్నారు, ఏకులు (వడకడానికి చుట్టిన దూది చుట్టలు) తెచ్చిస్తేనే. ఆ ఏకులు కొన్నాళ్లు బొంబాయి మిల్లు నుంచి వచ్చాయి. మిల్లు ఏకులతో వడికి స్వదేశీ అంటే తప్పని గాంధీకి తోచి, దూదేకే మనిషిని వెతకమన్నారు. దొరికిన మనిషి నెలకు 35 రూపాయలు అడిగాడు. ఆ రోజుల్లో అది పెద్ద జీతమే, అయినా ఒప్పుకున్నారు. ఆశ్రమంలో తయారైన మొదటి ఖద్దరు గజం 17 అణాలు పడింది. వెడల్పు 30 అంగుళాలే. 45 అంగుళాల పన్నా నెలలోగా రాకపోతే ఆ పొట్టి పంచే కట్టుకుంటానని గాంధీ పట్టుబడితే, గంగాబెన్ 45 అంగుళాల పన్నాతో ఒక జత నేయించి పంపారు.

పన్నా సంగతి చిన్నదిగా అనిపిస్తుంది గానీ కాదు. వెడల్పు పెరిగేకొద్దీ పడుగు పోగుల సంఖ్య పెరుగుతుంది. 45 అంగుళాలకు 1800 పోగులు. నూలు నాసిదైతే పేక పోగును అటూ ఇటూ తీసుకెళ్లే నాడె విసిరిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట తెగుతుంది. తెగిన పోగు ముడి వేసేసరికి ఇంకొకటి. నేతగాడు చేతి నూలు వద్దని మిల్లు నూలు అడగడానికి కారణం దేశభక్తి లేక కాదు. రోజంతా ముడులు వేస్తే కూలి గిట్టదు. అందుకే 1920ల మొదట్లో పడుగు మిల్లు నూలు, పేక చేతి నూలు పెట్టి నేసిన బట్ట చాలా చోట్ల నడిచింది. పేకకు పడుగంత లాగుడు ఉండదు గనక బలహీనమైన నూలైనా సాగిపోతుంది. శుద్ధ ఖద్దరు కావాలంటే నూలే బాగుపడాలి, వేరే దారి లేదు.

నూలు ఎక్కడ చెడుతుందో, ఇప్పుడు రాట్నం నేర్చుకునేవాళ్లకు కూడా పనికొస్తుంది గనక, వివరంగా చెబుతాను. చాలా తప్పులు రాట్నం దగ్గర కనిపిస్తాయి గానీ పుట్టేది ఏకు దగ్గర. యంత్రంలో గింజ తీసి బేళ్లలో అణిచిన పత్తి పింజ అట్టకట్టి ఉంటుంది. దాన్ని విల్లుతో ఎంత ఏకినా గడ్డలు మిగులుతాయి. గడ్డ వచ్చిన చోట పోగు లావెక్కుతుంది, దాని పక్కనే సన్నబడి తెగుతుంది. గింజపత్తి తెచ్చి, ఎండలో కాసేపు ఉంచి, ఇంట్లోనే గింజ తీసి, ఒకటి రెండు రోజుల్లో ఏకేస్తే సగం బాధ పోతుంది. ఏకు వేలి లావున, జానెడు పొడవున, చుట్టీ చుట్టనట్టు వదులుగా ఉండాలి. బిగించి చుడితే పింజ జారదు. వానాకాలం దూది తేమ పట్టి చేతికి అంటుకుంటుంది. నడివేసవి వడగాలిలో పొల్లుగా విచ్చిపోతుంది. పొద్దున్నే వడకమనేది అందుకే.

తర్వాత కదురు, అంటే పోగుకు మెలిక వేసి నూలు చుట్టుకునే ఇనుప కడ్డీ. వెంట్రుకవాసి వంకర ఉన్నా కొస వణుకుతుంది, పోగు అక్కడే తెగుతుంది. నేర్చుకునేవాళ్లు తమ చెయ్యి బాగాలేదనుకుని నెలలు గడుపుతారు. ముందు ఏకు లేకుండా చక్రం తిప్పి కదురు కొస మీద చూపు నిలపండి. కొస ఒక చుక్కలా కనిపించాలి, చిన్న సున్నాలా కనిపిస్తే కదురు సరి చేయించాలి. కదురు తాడు వదులైతే చక్రం తిరిగినా కదురు జారుతుంది, పురి (పోగులోని మెలిక) చాలదు. తేమ రోజుల్లో నూలు తాడు బిగుసుకుని చక్రం బరువెక్కుతుంది. రెండింటికీ తాడు సర్దుకోవడమే మందు.

పురి ఎంత ఉండాలంటే, నంబరుకు వర్గమూలం తీసి నాలుగుతో హెచ్చించండి. 20 నంబరుకు అంగుళానికి 18 మెలికలు. 100 నంబరుకు 40. చక్రం ఒక చుట్టు తిరిగితే కదురు 100 చుట్లు తిరిగే రాట్నమైతే, రెండడుగుల పోగు లాగడానికి 20 నంబరుకు చక్రం నాలుగు చుట్ల పైన తిప్పాలి. తొందరపడి మూడుతో చుట్టేస్తే పోగు చూడ్డానికి బాగానే ఉంటుంది, మగ్గం మీద గంజి తడి తగలగానే విడిపోతుంది. పరీక్ష సులువు: జానెడు పోగు లాగి పట్టుకుని రెండు కొసలూ దగ్గరకు తెండి. మధ్యలో తనంతట తాను ఒకటి రెండు మెలికలు వేసుకుంటే చాలు. ఏమీ వేసుకోకపోతే పురి తక్కువ, చుట్లు చుట్లుగా ముడుచుకుపోతే ఎక్కువ.

నంబరు తెలుసుకోవడానికి 840 గజాల చిలప తూచాలి. 39ని తులాల బరువుతో భాగిస్తే వచ్చేదే నంబరు. అప్పటి రూపాయి నాణెం సరిగ్గా తులం గనక, చిలప రెండు రూపాయలు తూగితే అది ఇంచుమించు 20 నంబరు. నాలుగు తూగితే 10. నేతకు పంపేముందు ఈ తూకం వేయకపోవడం వల్లనే బోలెడు బట్ట పాడయ్యేది. పదిమంది వడికిన నూలు, పది రకాల లావు, ఒకే పడుగులో పోస్తే కొన్ని పోగులు బిగిసి తెగుతాయి, కొన్ని వదులై వేలాడతాయి. ఉతికాక గుడ్డ ఒకవైపు లాక్కుపోతుంది. ఒక్కరు వడికిన నూలు ఒక్క పడుగుకు వాడడం, కుదరకపోతే తూకం చూసి విడదీసి లావు రకం పేకకు పెట్టడం, ఇదే నియమం.

ఈ పనంతా ఎక్కడా తెగిపోకుండా నిలిచిన చోటు మన శ్రీకాకుళం జిల్లా పొందూరు. అక్కడ గింజ మీద ఉన్న పింజనే వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడ ఎముకకు సన్నని పళ్లు దట్టంగా ఉంటాయి. ఆకు నలుసు, మట్టి రాలిపోతాయి, పింజ వరసకు వస్తుంది. తర్వాత చెక్క మీద పత్తి పెట్టి ఇనుప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు. చిన్న విల్లుతో మెత్తబరిచి ఏకులు చుట్టి, చేతి చెమట, మురికి తగలకుండా ఎండిన అరటి పట్టలో పెట్టుకుని వడుకుతారు. ఒక పని తర్వాత ఒకటి చేతి కింద పోవడం వల్ల పింజ ఎక్కడా తెగదు, అట్టకట్టదు. పొట్టి పింజ కొండపత్తితో 100 నంబరు నూలు రావడం వెనక రహస్యం ఆ దువ్వడమే. లెక్క కట్టి చూడండి: అదే పంచె 100 నంబరుతో అంగుళానికి 90 పోగులు వేసి నేస్తే 35,000 గజాల నూలు పడుతుంది, గంటకు 300 గజాలు వడికినా 117 గంటలు. బరువు మాత్రం 190 గ్రాములు. 20 నంబరు పంచె 425 గ్రాములుంటుంది. చూసి రమ్మని గాంధీ తన కొడుకు దేవదాస్‌ను పంపారని పొందూరులో ఇప్పటికీ చెబుతారు. ఆ బట్ట ఖరీదు ఎక్కువని అనేవాళ్లు ఈ 117 గంటల్లో ఒక్కో గంటకు ఎంత వెల కడతారో చెప్పాలి.

ఇక కాల్చడం. 1921 జులై 31న బొంబాయి పరేల్‌లో గాంధీ నిప్పు పెట్టిన కుప్ప అందరికీ తెలుసు. పేదలు ఒంటి మీద గుడ్డ లేక ఉంటే కాల్చడమేమిటని రవీంద్రనాథ్ టాగోర్ గట్టిగానే అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదని నేను నమ్ముతాను. ఖద్దరు చాలడం లేదు, కొనడానికి డబ్బు లేదు అన్న మాటకు గాంధీ ఇచ్చిన జవాబు అదే ఏడాది సెప్టెంబరులో మధురైలో కనిపించింది: పంచె, చొక్కా మాని కొల్లాయి కట్టారు. పైన వేసిన లెక్కలో నూలు పెంచలేనప్పుడు బట్ట తగ్గించుకోవడం అది. ఇంటిల్లిపాదికీ అది కుదరదు, ఆయనా అందరినీ కట్టమనలేదు.

1921లో వ్యాపారులు బహిష్కారానికి అంత త్వరగా ఒప్పుకోవడానికి దేశభక్తితో పాటు ఇంకో కారణం ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. 1920 మొదట్లో రూపాయి మారకం రెండు షిల్లింగుల పైన ఉండేది. ఆ ధర చూసి మాంచెస్టర్‌కు ఆర్డర్లు పెట్టారు. సరుకు ఓడల్లో వచ్చే సమయానికి రూపాయి 1 షిల్లింగు 4 పెన్నీల దగ్గరకు పడింది. 10 రూపాయలకు వస్తుందనుకున్న పౌను 15 రూపాయలైంది. ఒప్పందం ప్రకారం సరుకు విడిపిస్తే దివాలా. కొత్త ఆర్డర్లు పెట్టమని ప్రతిజ్ఞ చేయడం అప్పుడు మనసుకూ మంచిది, దుకాణానికీ మంచిది. 1922 తర్వాత ఉద్యమం ఆగింది, మారకం కుదుటపడింది, విదేశీ బట్ట మళ్లీ అంగళ్లకు వచ్చింది. అందుకే 1930లో ప్రతిజ్ఞతో ఊరుకోకుండా అంగళ్ల ముందు ఆడవాళ్లు పికెటింగు చేశారు, చాలా ఊళ్లలో ఉన్న బేళ్లకు కాంగ్రెసు సీళ్లు వేయించారు.

యంత్రం మాట. రాట్నమూ యంత్రమే, ఆ కాలంలో దాని మీద జరిగినంత సాంకేతిక కృషి తక్కువ వస్తువుల మీద జరిగింది. మెరుగైన రాట్నం చేసినవాళ్లకు 1929లో లక్ష రూపాయల బహుమతి ప్రకటించారు. మడిచి పెట్టెలో పెట్టుకునే ఎరవాడ రాట్నం 1930ల మొదట్లో వచ్చింది. సింగర్ కుట్టుమిషనును గాంధీ మెచ్చుకున్నారు, మనిషి శ్రమ తగ్గించి మనిషిని వీధిన పడేయని యంత్రమని. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో నడిపిన ఆంధ్ర జాతీయ కళాశాలలో నేతతో పాటు యంత్రవిద్య కూడా నేర్పారు. ప్రభుత్వ గుర్తింపు, దాని సర్టిఫికెట్టు వద్దనుకున్నారే తప్ప లేతు మిషను వద్దనుకోలేదు. అక్కడ చదివినవాడికి సర్కారు ఉద్యోగం రాదు, బడి నిలవడానికి అదే పెద్ద చిక్కైంది. పిల్లల్ని పంపిన తల్లిదండ్రుల ధైర్యం గురించి మనం చాలా తక్కువ మాట్లాడుకుంటాం.

ఖద్దరును గట్టిగా దెబ్బ తీసినవాళ్లలో మన మిల్లులు కూడా ఉన్నాయి. ముతక నూలుతో నేసి ఖద్దరు ముద్ర కొట్టి చౌకగా అమ్మారు. దాన్ని ఆపడానికే 1934లో ఖద్దరు పేరు రక్షణ చట్టం వచ్చింది. మీ ఇంట్లో తాతల నాటి గుడ్డ ఉండి అసలుదో కాదో చూడాలంటే, అంచు దగ్గర ఒక పడుగు పోగు, ఒక పేక పోగు అడుగు పొడవున లాగి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. రెండూ అక్కడక్కడ లావెక్కి సన్నబడుతుంటే చేతి నూలు. పడుగు నున్నగా ఒకే తీరున ఉండి పేక మాత్రమే ఎగుడుదిగుడుగా ఉంటే అది పైన చెప్పిన సగం ఖద్దరు. పొందూరు రకమైతే కంటికి ఆ తేడా అందదు, భూతద్దం పెట్టి చూడాలి.